పూజలో ఉన్న చీపుర్లు

ఆయుధపూజ నాడు మా పత్రికకు సెలవు. అచ్చుయంత్రానికి పసుపూ కుంకుమా పెట్టి ఆపేస్తారు కాబట్టి మరునాడు, విజయదశమికి, పేపరు రాదు. ఫోన్లలో క్షణాల మీద వార్తలు పెడుతున్న ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. వార్తకు సెలవేమిటి తాతా అని అడిగింది ఈమధ్య ఒక అమ్మాయి. వార్తకు లేదమ్మా, వేసేవాళ్లకు ఉంది అన్నాను. ఆ రోజు ఊళ్లో ఏం జరిగినా ఎల్లుండి పేపర్లోనే. ఎల్లుండికి అది చల్లారి ఒకటి రెండు వాక్యాల పాటి మిగులుతుంది. నేను చూసిన సమ్మెలన్నిటిలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది అలా పేపరు లేనప్పుడు మొదలై, పేపరు వచ్చేలోగా ముగిసిపోయింది. దాని మీద నేను రాసింది మూడు వాక్యాలు. మిగిలినది ఇది.

ఉద్యోగం చేసినంత కాలం నేను రాసింది తమిళంలో. ధర్మపురి జిల్లాలో మాలాంటి తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాత మా నాయన పట్టుబట్టి నేర్పించకపోతే ఇది కూడా తమిళంలోనే రాసేవాణ్ణి. జిల్లాలో మూడు నాలుగు చోట్ల పని చేశాను. ఇది వాటిలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు.

సమ్మె వార్త రాయడం తేలికని కొత్త విలేకరులు అనుకుంటారు. ఎవరు పని ఆపారు, ఏమి కోరుతున్నారు, జనం ఏమి అవస్థ పడ్డారు, ఇవి రాస్తే అయిపోతుందని. కాని అన్ని సమ్మెలూ ఒకేలా కనబడవు. బస్సులు ఆగితే తెల్లారేసరికి తెలుస్తుంది. ఆఫీసు గుమాస్తాలు ఆగితే వారం దాకా తెలియదు. తెలిసినా కొందరు నమ్మరు, ఎప్పుడూ ఉన్నట్టే ఉందే అంటారు. ఊరు ఊడ్చేవాళ్లు ఆగితే మరునాటికి తెలుస్తుంది. పండుగకు ఆగితే ఆ పూటకే.

పైగా మా వైపు ఆయుధపూజ వీధిలో చేసే పండుగ. ప్రతి కొట్టు ముందూ, ప్రతి వర్క్‌షాపు ముందూ, ప్రతి లారీ ముందూ బూడిద గుమ్మడికాయకు రంధ్రం చేసి, లోపల కుంకుమ పోసి, దిష్టి తీసి నడివీధిలో పగలగొడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. గుమ్మాలకు కట్టిన అరటి పిలకలు మరునాటికి వాడి రోడ్డున పడతాయి. మారండహళ్ళి వైపు నుంచి బంతీ చామంతీ తెచ్చిన రైతులు అమ్ముడుపోని పూలను బస్టాండు పక్కన కుమ్మరించి, ఖాళీ గోనెలు చంకన పెట్టుకుని బస్సెక్కుతారు. ఊరంతా పని ఆపి పనిముట్టుకు దండం పెట్టే రోజు, ఊడ్చేవాళ్లకు మాత్రం ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పని పుట్టే రోజు.

వాళ్లకూ పూజ ఉంది. మున్సిపాలిటీ ఆఫీసుకు కాస్త దూరంగా చెత్త లారీలు నిలిపే షెడ్డులో చేసుకుంటారు. మేము దాన్ని కుప్ప షెడ్డు అంటాం. మా మాటలో కుప్ప అంటే చెత్త. అక్కడికి పురోహితుడు రాడు. షెడ్డులో అందరికంటే పాతవాళ్లు ఎవరైతే వాళ్లే హారతి ఇస్తారు. చీపుర్లు, పారలు, గంపలు, తోపుడు బళ్లు, బ్యాటరీ బళ్లు, లారీలు అన్నీ కడిగి బొట్లు పెడతారు. చేత్తో ఎత్తగలిగినవన్నీ అమ్మవారి పటం ముందు చేరుస్తారు. పూజ అయ్యాక ఇక వాటిని ముట్టుకోరు. మరునాడు పొద్దున, పూజ చేసిన చెయ్యే మళ్లీ కర్పూరం వెలిగించి ఒక్కొక్కటీ ఎత్తి ఎవరిది వాళ్ల చేతికివ్వాలి. దీన్ని మరుపూజ అంటారు. మరుపూజ కాకుండా పూజలో ఉన్నదాన్ని తాకితే ఏడాది పొడుగునా ఆ చేతికి దెబ్బలు తగులుతాయని నమ్మకం. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ అందరూ పాటిస్తారు. మా ఆఫీసులో దేవుడు లేడని వాదించే సబ్ ఎడిటరు కూడా ఆ రోజు పెన్ను ముట్టుకునేవాడు కాదు. పండుగ పూట ఎందుకు లెండి అనేవాడు.

ఆ ఏడాదికి షెడ్డులో అందరికంటే పాత మనిషి, బస్టాండు ఊడ్చే ఆవిడ. అందరూ బస్టాండక్క అనేవాళ్లు. దినకూలిగా చేరి దినకూలిగానే ఉండిపోయిన మనిషి. ఆవిడ తెలుగూ మా తెలుగే, వీధులు వేరు. వాళ్ల వీధి పెళ్లిళ్లకు మా వాళ్లు పోరు, మా ఇళ్లలో వాళ్లు గడప దాటి రారు. ఊరు అలాంటిది. బస్టాండులో మాత్రం ఇద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాని భాషలో అధికారుల మీద జోకులు వేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆవిడ భర్త బెంగళూరులో కట్టడం పనికి పోయి, సారువ, అంటే పరంజా, మీది నుంచి పడి, ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ ఇల్లు ఆవిడ చీపురు మీదనే నడిచేది.

ఆ రోజు మధ్యాహ్నం నేను షెడ్డుకు పోయేసరికి ఆవిడ కొత్త చీర కట్టుకుని పటానికి పూలు సర్దుతోంది.

"ఏమన్నా, పేపరుకు సెలవు, నోటికి లేదా?" అంది.

"పొరి పెడతావని వచ్చినానక్కా." పొరి అంటే మరమరాలు. బెల్లమూ వేయించిన శనగపప్పూ కలిపి పంచుతారు.

"ఉండు. అమ్మవారికి చూపించకుండానే నీకా?"

శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తమిళాయన, సేలం వైపు మనిషి. కోపం వచ్చినా గొంతు పెరగని నెమ్మదస్తుడు. బళ్ల తాళంచెవుల గుత్తి ప్రతి ఏడూ పటం ముందు పెట్టడం ఆయన వంతు. ఆ ఏడు ఏదీ పూజ లేకుండా ఉండకూడదని బీరువాలోని రెండో జత కూడా తెచ్చి పెట్టాడు. కమిషనరు జీపు కూడా కడిగి, ముందర అరటి పిలక కట్టి షెడ్డులోనే నిలిపారు. దాని తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే ఉంది.

హారతి అయింది. పొరి పంచారు. అందరి నోళ్లూ నిండాక ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పాలి. వచ్చే నెల నుంచి ఊరు ఊడ్చే పని కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చేశారు. కంపెనీ మిమ్మల్నే తీసుకుంటుంది. కాని యాభై దాటినవాళ్లను తీసుకోదట."

పొరి నమిలే చప్పుడు ఆగిపోయింది. ఆ షెడ్డులో సగం మంది ఆడవాళ్లు యాభై దాటినవాళ్లో, దాటినట్టు కనబడేవాళ్లో.

"యాభై దాటిందని ఎట్ల తెలుస్తాది సార్?" బస్టాండక్క అడిగింది. "సంతలో ఎద్దుకు చూసినట్ల పండ్లు చూస్తారా? నాకు ముందర రెండు లేవు. నన్ను నేరుగా అడివికి తోలాల్సిందే."

ఒకరిద్దరు నవ్వారు.

"ఆధార్ చూస్తారమ్మా."

"దాంట్లో వయసు వేసింది మీ ఆఫీసు పిల్లే కదా సార్. నా మొగం చూసి వేసింది. ఎండలో మాడిన మొగానికి నాలుగేండ్లు ఎక్కువే పడతాది." ఆవిడ చేతిలో మిగిలిన పొరి కాగితం మీద పెట్టింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"పూజకు ముందరే చెప్పి ఉండొచ్చు కదా."

"పండుగ పూట. పూజ అయ్యేదాకా అన్నా మీ మనసు బాగుండాలని..." అన్నాడాయన.

ఇన్‌స్పెక్టరు చేసిన పొరపాటు ఆ దయే. పూజకు ముందే చెప్పి ఉంటే తాళంచెవులు ఆయన జేబులో ఉండేవి.

బస్టాండక్క పటం వైపు కాసేపు చూసింది. ముందుగా ఆలోచించుకున్న మాటలా లేదు. మాట్లాడుతూ ఉండగానే ఆలోచన వచ్చినట్టు ఒక్కో ముక్కా నెమ్మదిగా అంది. "సరే సార్. పనిముట్లు అమ్మవారి కాడ ఉండాయి. అట్లే ఉండనీండ. మా పని మాకందరికీ ఉండాదని మీరు చెప్పిన దినం నేను మరుపూజ చేస్తాను."

"అంటే రేపు..."

"రేపు చెప్తే రేపే."

నినాదాలు లేవు, జెండాలు లేవు. యూనియన్ నాయకుడు పండుగకు సొంతూరు పోయి ఉన్నాడు. బయటికి వస్తూ ఆవిడ వెనక్కి తిరిగి ఒకే ఒక్క ఆజ్ఞ వేసింది. "తలుపు ముయ్యొద్దండ. బారుగా తెరిచిపెట్టండ. రేప్పొద్దున తాళం వేసినారని మన మీద పెడతారు."

సాయంత్రం ఊరు తన పండుగ తాను చేసుకుంది. వీధి వీధికీ గుమ్మడికాయలు పగిలాయి. రేపు పొద్దున ఎవరో ఊడుస్తారన్న నమ్మకంతో పగలగొట్టే చప్పుడు ఎంత నిశ్చింతగా ఉంటుందో నేను ఆ రోజే గమనించాను.

విజయదశమి పొద్దున బయటికి వస్తే రోడ్డంతా ఎర్రటి గుజ్జు. బైకులు గుమ్మడి ముక్కల మీద జారుతున్నాయి. బస్టాండు పక్కన బంతిపూల గుట్టలోకి ఒక ఆవు మెడ దాకా దూరి ఉంది. మాతో పాటు పని చేసే ఫొటోగ్రాఫరు టీ కొట్టు దగ్గర చేతులు ఊపుకుంటూ నిలబడ్డాడు.

"కెమెరా ఏదిరా?"

"పూజలో ఉందన్నా. స్టూడియోలో మా మామ మరుపూజ చేస్తాడు. ఆయన ఇంకా నిద్ర లేవలేదు."

"ఫోనో?"

"దానికీ బొట్టు పెట్టినారు." ఒక నిమిషం ఆలోచించి జేబులోంచి తీశాడు. "కాని ఇది మాత్రం రాత్రే ముట్టుకునేసినా. మా ఆవిడ పిలిచింది."

ఇద్దరం షెడ్డుకు పోయాం. తలుపు బారుగా తెరిచి ఉంది. ఎదురుగా ఉన్న పిట్టగోడ మీద ఆడవాళ్లందరూ పండుగ చీరల్లో వరుసగా కూర్చున్నారు. షెడ్డు ముందు ఒక వ్యాను ఆగి ఉంది. కాంట్రాక్టు కంపెనీ మేనేజరు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు, ఇంకో ఊరి నుంచి మనుషులను దింపాడు. పండుగ చెత్త తీసేస్తే కొత్త కంపెనీకి మంచి పేరు వస్తుందని కమిషనరు ఆయనను ముందుగానే రమ్మన్నాడట.

వచ్చినవాళ్లు చకచకా లోపలికి నడిచారు. నాలుగడుగులు వేసి నెమ్మదించారు. ఒకడు చెప్పులు విడిచాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ విడిచారు. దండం పెట్టుకుని అందరూ బయటికి వచ్చేశారు.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు.

"మరుపూజ కాలేదు సార్," అన్నాడు వాళ్ల డ్రైవరు.

"అయితే?"

"అయితే ఏముంది సార్? ఈ వ్యానుకే మా ఇంటి ముందు మరుపూజ చేసి తెచ్చాను. పూజలో ఉన్న బండిని నేనెట్లా తీస్తాను? నాకూ పిల్లలున్నారు."

మేనేజరు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "తాళంచెవులు మీరు తీసివ్వండి."

"నేను పెట్టాను. తీయలేను."

"రెండో జత ఉంటుంది కదా?"

"అదీ అక్కడే ఉంది."

"రెండో జత ఎందుకు పెట్టారండీ అక్కడ?"

"పూజకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిట్టగోడ మీద నుంచి బస్టాండక్క తమిళంలో, చాలా మర్యాదగా అంది. "తీసుకోండి సార్. మేమెవరమూ అడ్డం లేము." వెంటనే తెలుగులో నాకు మాత్రమే చెబుతున్నట్టు అంది. "చెయ్యి పెట్టమను చూస్తాము."

వీధి చివర గుడి పూజారిని పిలిపించారు. ఆయన వచ్చి అంతా చూసి, పూజ చేసిన చెయ్యి ఎవరిది అని అడిగాడు. చూపించారు. "అయితే ఆ చెయ్యే తీయాలి. ఇవాళ నేను ఆమె పూజ తీస్తే, రేపు నా గుళ్లో పూజ ఇంకెవడో వచ్చి తీస్తానంటాడు," అని పంచె సర్దుకుని వెళ్లిపోయాడు.

చివరికి మేనేజరే లోపలికి పోయాడు. తలుపు తెరిచే ఉంది కనుక మాకు అన్నీ కనబడుతున్నాయి. పటం ముందు వంగాడు. చెయ్యి తాళంచెవుల దాకా పోయింది. అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందో గాని, పిట్టగోడ మీద ఒక్కరూ దగ్గలేదు. తర్వాత ఆయన ఆ చేతిని జేబురుమాలుతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "మా అమ్మ ఊరుకోదు," అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

కొత్త చీపుర్లు కొనుక్కు రమ్మని మనిషిని బజారుకు తోలాడు. అక్కడ ఇంకో చిక్కు. విజయదశమి నాటి బోణీ ఏడాదికంతా బోణీ. కొట్టాయన చీపురు కట్టను చేత్తో తాకకుండా, "ఏడాది వ్యాపారం చీపురుతో మొదలెట్టమంటావా? ముందు బెల్లం కొను, తర్వాత చూద్దాం," అన్నాడట. బెల్లం కొన్నాక ఇచ్చినవి ఇళ్లల్లో వాడే మెత్తటి పూచీపుర్లు. వాటితో ఆ పరాయి ఊరి మనుషులు కాసేపు రోడ్డును గీరారు. గుమ్మడి గుజ్జు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయి, ఎర్రటి ముగ్గులా పరుచుకుంది. తర్వాత వాళ్లు వ్యాను నీడన కూర్చుని ఆ బెల్లం పంచుకున్నారు.

ఇక్కడిదాకా నేను నవ్వుకుంటూనే ఉన్నాను. అంతలో ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. మాట్లాడి బస్టాండక్క దగ్గరికి వచ్చి, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు. "పూజ పేరు చెప్పి ప్రజల పని అడ్డుకుందని నీ మీద కేసు పెడతానంటున్నాడు కమిషనరు."

ఆవిడ గోడ దిగి నా దగ్గరికి వచ్చింది. "కేసంటే ఏమౌతాదన్నా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "కేసున్న మనిషిని ఏ కంపెనీ తీసుకోదక్కా."

"వయసు మాట పక్కన పెట్టినా?"

"పెట్టినా."

కొంగు అంచు మెలితిప్పింది. "ఇప్పుడు మరుపూజ చేసేస్తే?"

"కేసు ఉండదు. వచ్చే నెల పని కూడా ఉండదు."

"అమ్మవారి ముందర నోటితో అనేసినానన్నా. అందరికీ ఉండాదంటేనే అని. ఇప్పుడు నాకు భయమేసిందని ఎట్ల మింగేది?" పిట్టగోడ వైపు చూసింది. అక్కడ కూర్చున్నవాళ్లు మాట వినబడకపోయినా మా ముఖాలే చూస్తున్నారు. "ఈ పూజ పట్టుకుంది వాళ్లనే అనుకున్నాను. నన్ను కూడా పట్టుకునింది," అంది.

మధ్యాహ్నం వాన పడింది. పెద్ద వాన కాదు. కాని అరటి ఆకులూ పూలూ మురుగు కాలవల్లో అడ్డం పడి ఉన్నాయి. ప్రాథమిక పాఠశాల ముందు నీళ్లు మోకాలి దాకా నిలిచాయి. విజయదశమికి పిల్లలను బళ్లో వేస్తారు. కొత్త గౌన్లలో, కొత్త నిక్కర్లలో పిల్లలను భుజాల మీద ఎత్తుకుని తల్లిదండ్రులు నీళ్లకు ఈ పక్కన వరుసగా నిలబడ్డారు. అటు పక్కన టీచరమ్మలు పళ్లెంలో బియ్యం పోసుకుని ఎదురుచూస్తున్నారు.

కమిషనరు నడుచుకుంటూ వస్తూ కనబడింది అక్కడే. ఆయన జీపు పూజలో ఉంది కదా. డ్రైవరు సెలవు పెట్టాడు. దక్షిణాది జిల్లా నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసు అధికారి. ఒక చేతిలో గొడుగు, ఒక చేత్తో ప్యాంటు అంచు పట్టుకుని, అడుగు వేసే చోటు వెతుక్కుంటూ వస్తున్నాడు. జీపులో నుంచి చూసే ఊరు వేరు, నడిచే ఊరు వేరు. ఆ సంగతి ఆయన నడకలోనే తెలుస్తోంది.

"సార్, పిల్లను ఎట్లా తీసుకుపోయేది లోపలికి? మంచి గడియ దాటిపోతోంది," అంది ఒక తల్లి.

ఆయన నిలిచిన నీళ్ల వైపు చూశాడు. నన్ను చూసి, "రాస్తున్నారా?" అన్నాడు.

"ఇవాళ పేపరు లేదు సార్."

ఆ మాటకు ఆయన భుజాలు కొంచెం దిగాయి. నేను అంతకు ముందు ఏ అధికారికీ అంత మంచి వార్త చెప్పి ఉండను.

ఆయనా, నేనూ, ఫొటోగ్రాఫరూ కలిసి షెడ్డుకు నడిచాం. గుమ్మం దగ్గర ఆయన బూట్లు విప్పాడు. ఆడవాళ్లు పిట్టగోడ దిగి వచ్చారు. బస్టాండక్క కాగితంలో పొరి పెట్టి అందించింది. ఆయన కాదనలేక తీసుకున్నాడు. కేసు మాట ఎవరూ ఎత్తలేదు.

"అమ్మా, కాంట్రాక్టు తీర్మానం అయిపోయింది. దాన్ని నేను ఆపలేను," అన్నాడు.

"ఆపొద్దు సార్. ఎవరి కింద ఊడ్చినా రోడ్డు ఇదే. ఇక్కడున్నవాళ్లం ఇక్కడే ఉంటామా అనేదే నా ప్రశ్న."

ఆయన పొరి నములుతూ పటం ముందు వరుసగా ఉన్న చీపుర్లనూ పారలనూ చూశాడు. ఆవిడ ఆయన చొక్కా జేబు వైపు చూసింది.

"సార్, మీ పెన్నుకు పూజ అయిందా?"

"నాదా? లేదమ్మా. ఒక్కణ్ణే ఉంటాను క్వార్టర్సులో. ఇంటికి పోవడానికి కుదరలేదు ఈ పండుగకు."

"అయ్యో," అంది ఆవిడ. "ఏడాదికంతా పూజ లేకుండా ఉంటాదా? ఇట్లివ్వండి."

అది తెలివో, నిజమైన జాలో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆవిడను అడిగితే రెండోదే అంటుంది. ఆయన పెన్ను తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఒక చీపురు పక్కన పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. అందరూ దండం పెట్టారు, కమిషనరు కూడా. తర్వాత ఆవిడ పెన్నును కళ్లకద్దుకుని ఆయన చేతికిచ్చింది.

"విజయదశమి సార్. మొదటి రాత మంచిది రాయండి. ఏది రాస్తే ఏడంతా అదే నడుస్తాది."

 ఆయన పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు, ఎవరూ అడగకుండానే, సంచిలోంచి ఆఫీసు లెటర్‌ప్యాడు తీసి ముందర పెట్టాడు. కమిషనరు ఆయన వైపు ఒకసారి చూసి, కాగితం పైన వినాయకుడి సుడి చుట్టాడు. తమిళులు ఏది రాసినా ముందు వేసుకునే చిన్న గుర్తు అది. దాని కింద కంపెనీకి ఆదేశం రాశాడు. ప్రస్తుతం పని చేస్తున్నవాళ్లందరినీ వయసుతో పనిలేకుండా తీసుకోవాలి. సంతకం చేశాడు.

"సార్, మా హెడ్డాఫీసులో..." అని మొదలుపెట్టాడు మేనేజరు.

"విజయదశమి మొదటి రాత. కొట్టేయమంటారా?" అన్నాడు కమిషనరు.

మేనేజరు మళ్లీ జేబురుమాలు తీశాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ కుర్ర కమిషనరు పొద్దుటి నుంచీ దారి కోసం వెతుకుతున్నాడు. బెదిరిస్తే వంగానని పేరు రాకుండా, కాదంటే ఊరు మునగకుండా ఉండే దారి. ఆవిడకు కూడా అలాంటిదే కావాలి. ఇద్దరి ముఖాలకూ మసి అంటకుండా ఆ దారి చూపించింది ఎవరూ తీసేయలేని ఒక అలవాటు. చర్చల బల్ల దగ్గర ఇలాంటిది దొరకడం నేను చాలా తక్కువగా చూశాను.

బస్టాండక్క మళ్లీ కర్పూరం వెలిగించి మరుపూజ చేసింది. ముందు తాళంచెవులు ఎత్తి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. రెండు జతలూ ఆయన రెండు వేరువేరు జేబుల్లో వేసుకున్నాడు. తర్వాత చీపుర్లు, పారలు, గంపలు. ముందుగా బడి దగ్గరికి పోయారు. కొత్త చీరలు మోకాళ్ల పైకి దోపుకుని కాలవలోకి దిగి అరటి ఆకులు లాగారు. నీళ్లు గుటగుటమంటూ దిగాయి. పిల్లలు ఒక్కొక్కరే భుజాల మీద నుంచి దిగి లోపలికి పోయారు.

మరునాటి పేపరు కోసం సాయంత్రం ఆఫీసు తెరవగానే ఎడిటరు ఫోను చేశాడు. పండుగ చెత్త మీద పెద్ద కథ ఉందటగా అన్నాడు. సద్దుమణిగింది సార్ అన్నాను. పండుగ సందర్భంగా చెత్త తొలగింపులో జాప్యం జరిగింది, చర్చల తర్వాత కార్మికులు పనిలో చేరారు, సాయంత్రానికి వీధులు శుభ్రమయ్యాయి అని పంపాను. మూడో వాక్యం పూర్తిగా నిజం కాదు. బస్టాండు పూలగుట్ట తరగడానికి ఇంకో రోజు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తే, చీపురు ముందు తలవంచిన కమిషనరు అని ఎవరో శీర్షిక పెడతారు. అది చదివి పైఅధికారి ఒకరు ఫోను చేస్తారు. ఆ కాగితం వెనక్కి పోతుంది. అంత మంచి కథకు ఆవిడ పని ఖరీదు కట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఫొటోగ్రాఫరు చీపుర్ల మధ్య పెన్ను ఫొటో తీశాడు. దాన్నీ బయటపెట్టలేదు. ఆ ఫోను తర్వాత హొగెనకల్ జలపాతం దగ్గర నీళ్లలో పడిపోయింది. ఇప్పటికీ ఏడుస్తుంటాడు, ఫోను కోసం కాదు.

కుర్ర విలేకరులు నన్ను అడుగుతుంటారు, రాయకుండా వదిలేసిన వార్తలున్నాయా అని. రాసి చెడగొట్టినవి ఇంకా ఎక్కువ ఉన్నాయని చెబుతాను.

కంపెనీ వచ్చిన నెలలో ఒక పొద్దున పాలకోడు బస్సు కోసం బస్టాండుకు పోయి, టీ తాగుతూ నిలబడ్డాను. ఆవిడ చీర మీద కంపెనీవాళ్ల పచ్చటి కోటు వేసుకుని ఊడుస్తోంది. కోటు చేతులు పొడుగై వేళ్ల మీదికి జారుతున్నాయి.

"ఎట్లుండాదక్కా కొత్త కంపెనీ?"

"కోటు ఇచ్చినారు. జేబులు రెండుండాయి. ఏమి పెట్టుకోవాలనో తెలీలేదు."

"వయసు అడగలేదు కదా?"

ఆవిడ ఊడ్చడం ఆపి చీపురు కర్ర మీద ఆనుకుంది. "యాభై దాటితే కంప్యూటరు తీసుకోదంటన్నా. కమిషనరు కాయితం కంప్యూటరుకు చూపించినా చదవదంట. ఆ మేనేజరు పిల్లోడు చూసినాడు, చూసినాడు, అందరికీ నలభై తొమ్మిది వేసేసినాడు. షెడ్డులో ముసిలోళ్లమందరమూ ఇప్పుడు ఒకే ఈడు."

"అయితే నువ్వు నాకంటే చాలా చిన్నదానివై పోతివే."

"ఆమా. అందుకే చెప్తా ఉండా, పెద్దోడివి, విను. ఆ టీ కప్పు కింద పెట్టబోతా ఉండావు. డబ్బా అదో, ఆ పక్క ఉండాది."